పదకొండో క్వార్టర్ నుంచి

సుల్తాన్‌పూర్‌లో చెవి మిషన్లు తయారుచేసే కంపెనీలో సిల్వియా పని, వెబ్‌సైట్‌కు వచ్చే ఎంక్వైరీలకు జవాబులు రాయడం.

"నీ పేరు, సొంత మెయిల్ ఐడీ ఎవ్వరికీ ఇయ్యకక్కా. కంపెనీ మెయిల్ నుంచే పంపు," అని తోటి ఉద్యోగి రేఖ మొదటిరోజే చెప్పింది. రాసేదెవరో అవతలివాళ్లకు తెలియదు.

ఒక రాత్రి రేఖ కూడా వెళ్లిపోయాక, ఏసీ చప్పుడు తప్ప ఏమీ వినపడని హాల్లో ఒక ఎంక్వైరీ వచ్చింది.

"మా పాపకు ఆరేండ్లు. చెవులు సక్కగ వినపడయి. మిషన్ దొరుకుతదా?"

అడ్రస్ కాజీపల్లి, ఫ్యాక్టరీ క్వార్టర్స్, నంబర్ పదకొండు.

సిల్వియా పెరిగింది ఆ ఇంట్లోనే. అమ్మ క్లారా, సరిగా వినపడని ఆమె చెవికి నోరానించి పాటలు పాడేది. పదాలు అందకపోయినా వెచ్చటి ఊపిరి చెంపకు తగిలేది. మిషన్ కోసం పటాన్‌చెరు, సంగారెడ్డి తిరిగి తిరిగి, కొనకముందే అమ్మ చనిపోయింది. ఇప్పుడు సిల్వియా చెవికున్న మిషన్ ఆ తర్వాత ఎన్నేళ్లకో వచ్చింది. ఆ క్వార్టర్లు కూల్చేసి పదేళ్లయింది.

ఎవరో అడ్రస్ తప్పు రాశారనుకుని, "దొరుకుతుందండి. పాప పేరు చెప్పండి," అని కంపెనీ మెయిల్ నుంచి పంపింది.

వెంటనే జవాబొచ్చింది. "సిల్వియా."

భయం కన్నా ముందు కళ్లలో నీళ్లు తిరిగాయి. "పాప ఇప్పుడెక్కడుందండి?" అని రాసింది.

"నా ముంగటనే కూసుంది. ఎనకనుంచి ఎంత పిలిచినా మర్లి సూస్తలేదు."

"జెర గట్టిగ పిలువమ్మా," అంటూ సిల్వియా కుర్చీ వెనక్కి తిప్పింది.