కింది గడి

"ఇంకోసారి లెక్కపెట్టండి," అంది టీచర్ ఇల్హామ్.

"ఎన్నిసార్లు లెక్కపెట్టినా అంతేనమ్మా," అన్నాడు ముహా, మాస్కు గడ్డం కిందికి లాక్కుంటూ. సర్కారు తరఫున ఆ కొండ ఊరి పెత్తనం ఆయనది. "ఇరవై ఏడు ఇళ్ళు, ఇరవై ఏడు కాగితాలు. పై గడి జోలికి ఒక్కళ్ళు పోతే ఒట్టు."

కాగితం మీద ఉన్నవి రెండే గళ్ళు. పై గడి, పిల్లలు బడికొచ్చి చదువుకునేది. కింది గడి, ఇంట్లో ఉండి ఫోనులో చదువుకునేది, దూరం చదువు. కరోనా రోజుల్లో ఏది కావాలో మీరే తేల్చుకోండని తల్లిదండ్రుల మీదికి తోసేసింది సర్కారు. సగం మంది బడి కావాలంటే చాలు, సోమవారం తలుపులు తెరవొచ్చు. తీరా చూస్తే అందరూ కింది గడిలోనే ఇంటూ పెట్టి కూర్చున్నారు. కొందరైతే పెన్ను ఎంత గట్టిగా నొక్కారంటే కాగితం చిరిగింది.

బడి మీద అంత కసి ఏమిటో ఆమెకి అంతుపట్టలేదు.

"మీరేమైనా ఎగదోశారా వాళ్ళని?"

"నాకేం పనమ్మా? పైది బడి, కిందిది ఫోను, ఏదో ఒకదాంట్లోనే గుర్తు పెట్టండి అన్నాను. అంతకు మించి నోరు విప్పొద్దని పై ఆఫీసు ఆర్డరు. ఇంటింటికీ తిరిగి విడమర్చి చెప్పాల్సింది మీరు. మీరేమో మెక్నెస్ పట్నం నుంచి వచ్చారని పదిరోజులు క్వారంటైన్ గదిలో కూర్చోబెట్టారాయె."

"ఊరంతా కలిపి మూడు ఫోన్లు లేవు! సిగ్నల్ కోసం గుట్టెక్కి మన బడి పిల్లాడు హమ్ము చెయ్యి విరగ్గొట్టుకోలేదూ? అప్పుడు ఈ ఫోను చదువుని నోరారా తిట్టినవాళ్ళే కదా వీళ్ళంతా!"

"అప్పుడు ఎండాకాలం. ఇప్పుడు అక్రోట్లు దులిపే కాలం," అన్నాడు ముహా తేలిగ్గా. "చెట్లెక్కడానికి పిల్లలు కావాలి. బడి తెరిస్తే పిల్లలేరీ?"

ఇల్హామ్ కాగితాల్లోంచి ఒకటి వెతికి తీసింది. ఇత్తో వాళ్ళది. కింద తల్లి తూదా వేలిముద్ర. అన్నిటికంటే లోతుగా దిగిన ఇంటూ ఆ కాగితం మీదే.

పన్నెండేళ్ళ ఇత్తో ఆ ఏడు పరీక్ష రాస్తే లోయలో పెద్ద బడికి వెళ్తుంది. తండ్రి దాన్ని కాసాబ్లాంకాలో ఎవరింట్లోనో అంట్లు తోమడానికి మాట్లాడేశాడు. ఇల్హామ్ వేసవిలో గడప ముందు కూర్చుని బతిమాలితే చివరికి ఒక మెట్టు దిగాడు. "బడి తెరిస్తే ఉంచుతాను. తెరవకపోతే ఆ వారం బుధవారమే వ్యానెక్కిస్తాను. ఇంక అడక్కు." ఆ మాట అన్నప్పుడు తూదా పక్కనే ఉంది. అన్నీ విన్నది. విని ఈ పని చేసింది.

"పంపించెయ్యండి వీటిని," అంది ఇల్హామ్, కాగితాలు ముహా వైపు తోసేసి.

మంగళవారానికి పై నుంచి కబురొచ్చింది. ఈ ఏడంతా బడి మూతే. టీచర్ లోయలో బడికి వెళ్ళి పనిచెయ్యాలి. ఎవరూ అడగని బడికి టీచరెందుకని కాబోలు.

బుధవారం పొద్దున్నే సంతకెళ్ళే వ్యాను దగ్గరికి ఇల్హామ్ పెట్టె మోసుకుని వెళ్ళింది. కిటికీ పక్కన మూట ఒళ్ళో పెట్టుకుని ఇత్తో కూర్చునుంది. ఎవరిదో పెద్దవాళ్ళ మాస్కు, కళ్ళదాకా కప్పేసింది.

"టీచర్, ఆ ఇంట్లోవాళ్ళకి ఫోను ఉంటుంది కదా?" అంది ఇత్తో. "పనయ్యాక పాఠాలు విననిస్తారంటారా?"

ఇల్హామ్ "అడిగి చూడు," అని మొహం తిప్పేసుకుంది.

తూదా వ్యాను తలుపు పట్టుకుని నిలబడి ఉంది. అక్రోటు తొక్కలు వలిచి వలిచి చేతులు నల్లగా మాడిపోయినట్టున్నాయి. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది. ఆ ఏడుపు చూస్తే ఇల్హామ్‌కి జాలి వెయ్యలేదు, ఒళ్ళు మండింది. చేసేదంతా చేసి ఇప్పుడీ ఏడుపులు!

"తూదక్కా, ఒక్కమాట. కాగితం మీద గుర్తు పెట్టింది మీ ఆయనా, నువ్వా?"

"నేనే. ఆయన్ని ముట్టుకోనిస్తానా?" తూదా ముక్కు తుడుచుకుంది. "కాగితం చిరిగేదాకా పెట్టాను, టీచరమ్మా."

కాస్త సిగ్గైనా లేదు మనిషికి.

"నీ పిల్ల బతుకంతా ఆ గుర్తులో ఉందని నీకు తెలీదా?"

"అయ్యో, తెలిసే కదా పెట్టాను! పక్కిళ్ళ వాళ్ళకి కూడా ఎలా పెట్టాలో నేనే చూపించాను. ఊళ్ళో ఆడవాళ్ళందరం ఒక్కమాట మీదున్నాం." తూదా కిటికీలో కూతురి వైపు చూసింది. "చెప్పాల్సింది చెప్పాం. మాలాంటి వాళ్ళ మాట పైన వినేదెవరమ్మా?"

"విన్నారు కదా! మీరు అడిగిందే చేశారు కదా!"

తూదా ఆమె మొహంలోకి వింతగా చూసింది. డ్రైవరు హారన్ కొట్టాడు. వ్యాను కదులుతుంటే ఇత్తో కిటికీలోంచి చెయ్యి బయటపెట్టింది. తల్లి ఆ చెయ్యి పట్టుకుని నాలుగడుగులు పక్కనే పరిగెత్తి వదిలేసింది. టీచర్ ఎక్కలేదని ఎవరూ చూసుకోలేదు.

"ఎవరు పెట్టమన్నారు నిన్నా గుర్తు?" ఇల్హామ్ అరిచినంత పని చేసింది. "ఎవరు నేర్పారు నీకు?"

తూదా దుమ్ములోకి చూస్తూనే జవాబిచ్చింది.

"పిల్లల పుస్తకాల్లో తప్పు లెక్కకి నువ్వు పెడతావే, ఆ గుర్తే కదమ్మా."