పేరు ముందు మాట

ఓజెల్లా టిబ్స్‌ను యాభై రెండేళ్ల జీవితంలో "మిసెస్ టిబ్స్" అని పిలిచినవాడు ఒక్కడే. చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరు హాల్సీ.

ఆమె వంట చేసే ఇంట్లో తెల్లవాళ్లకు ఆమె ఓజెల్లా. వాళ్ల ఆరేళ్ల పిల్లకూ ఓజెల్లాయే. చర్చిలో అందరితోపాటు సిస్టర్. స్నేహితురాలు వెర్డీకి ఓజీ. మొగుడు బతికున్నన్నాళ్లూ "ఏమేవ్"తో సరిపెట్టాడు.

ఆ ఒక్క మాట కోసమే ఆమె ఉద్యమంలో చేరిందంటే అన్యాయం. కానీ పాస్టరుగారు స్వయంగా రాసిన చీటీని, "మిసెస్ ఓజెల్లా టిబ్స్ గారికి కృతజ్ఞతలతో" అన్నదాన్ని, అద్దం కట్టించి పొయ్యి పైన తగిలించుకుంది.

అలబామాలోని ఆ ఊళ్లో, తమను వెనక సీట్లకు నెడుతున్నారని నల్లవాళ్లు సిటీబస్సు ఎక్కడం మానేసి ఏడో నెల. పన్నెండు మంది ఆడవాళ్లు తమ కార్లలో జనాన్ని పనులకు చేరవేస్తున్నారు. ఓజెల్లాది పోయిన మొగుడి ప్లిమత్ కారు. ఆ పన్నెండు పేర్లూ చర్చి గడప దాటకూడదు. దాటితే ఉద్యోగాలు ఊడతాయి, జైలు ఖాయం.

అలాంటిది, కార్లు ఆగే చోట్ల పోలీసులు ముందే వచ్చి నిలబడుతున్నారు.

"మనలోనే ఎవరో చెబుతున్నారు" అన్నాడు పాస్టరు మీటింగులో. "పోలీసు అధికారి ఇంట్లో చొక్కాలు ఇస్త్రీ చేసేదెవరో నేను వేరే చెప్పాలా?"

అందరూ వెర్డీ వైపు తిరిగారు.

"నేనా! మెడ ఒరుసుకుపోవాలని ఆయన కాలర్లకు రెట్టింపు గంజి పెడతాను. అదయ్యా నా ఉద్యమం!"

ఎవరూ నవ్వలేదు.

"ఒసేయ్ ఓజీ, నువ్వన్నా చెప్పవే. ముప్ఫై ఏళ్లుగా నా వంటింట్లో తిని తిరిగినదానివి."

"మిసెస్ టిబ్స్" అన్నాడు పాస్టరు మెత్తగా. "మీ మాటే మాకు తీర్పు."

ఓజెల్లా నిటారుగా కూర్చుంది. వెర్డీ ఇక మనకొద్దని తనే ముందు చెయ్యెత్తింది. ఆ వెనకే మిగతా చేతులు లేచాయి.

వెర్డీ టోపీ సరిచేసుకుంది. "ముప్ఫై ఏళ్లూ ఓజీ అనే పిలిచాను. అదే నా తప్పు" అని వెళ్లిపోయింది.

వారం తిరక్కుండా పన్నెండు మందినీ స్టేషన్లో బెంచీ మీద కూర్చోబెట్టారు. లైసెన్సు లేకుండా టాక్సీలు నడుపుతున్నారట.

"వెర్డీ, నీ చేతులు పడిపోనూ" అని ఓజెల్లా పళ్లు కొరికింది.

సార్జెంటు ఒక చేతిరాత జాబితా ముందేసుకుని పేర్లు పిలుస్తున్నాడు.

"ఓజెల్లా! ఇటు రా."

ఆమె లేచి బల్ల దగ్గరకు వెళ్లింది.

కాగితం మీద పన్నెండు పేర్ల ముందూ ఉన్న "మిసెస్"ను అతను పెన్సిలుతో ఓపిగ్గా ఒక్కొక్కటే కొట్టేస్తున్నాడు.