బాల్కనీ చివరి వరస

నూరేళ్ల నాటి ఆ నాటకశాలను కూల్చాలో ఉంచాలో తేల్చడానికి వచ్చిన ఇంజనీరమ్మకు, లోపల అడుగు పెట్టగానే దాని మీద మనసు పడింది. పైకప్పు నిండా చెక్కిన తీగలు, చంద్రవంకలా వంగిన బాల్కనీ. మైకుల్లేని రోజుల్లో ఇక్కడ గుసగుస కూడా చివరి వరసకు చేరేదట. అదొక్కటి రుజువైతే చాలు, కూల్చవద్దని గట్టిగా రాయవచ్చు.

పగలంతా వీధి రొద. అందుకే రాత్రి వచ్చి, కాపలా తాతను బాల్కనీకి పంపింది. ఆయన అడుగుల చప్పుడు ఆగిపోయాక, వేదిక మీద నిలబడి పెదవులు కదిలీ కదలనట్టుగా అడిగింది.

"వినబడుతోందా, తాతా?"

పైనుంచి ఒక ఆడగొంతు, చెవి పక్కనే ఉన్నంత స్పష్టంగా పలికింది.

"బాగా వినబడుతోందమ్మా. కాస్త మెల్లగా మాట్లాడు, పాప ఇప్పుడే నిద్రపోయింది."

ఆమె ఒళ్లు జలదరించింది. ఎంత గొప్పగా కట్టారో అని కూడా ఆ క్షణంలోనే అనిపించింది.

ఇంతలో పక్క తలుపు తోసుకుని తాత రొప్పుతూ వచ్చాడు.

"ఏ తాళంచెవీ పట్టట్లేదమ్మా! ఆ బాల్కనీ తలుపు తెరిచి ఎన్నేళ్లయిందో ఏమో!" అని గట్టిగా అరిచాడు.

పైన చీకట్లో పసిబిడ్డ ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది.