పరీక్ష వద్దన్న ఒప్పందం

సోమవారం ఉదయం పదకొండింటికి, మోకాలి లిగమెంట్ తెగి మూడు నెలలుగా మైదానంలో దిగని తోర్గైర్‌కు నార్వేలోని అతని ఫుట్‌బాల్ క్లబ్బు ఇంకో రెండేళ్ల ఒప్పందం ఇవ్వజూపింది. అతనికి ముప్పై ఆరేళ్లు.

కాగితం రెండుసార్లు చదివాడు. సంతకం పెట్టలేదు.

"డాక్టర్ పరీక్ష ఎప్పుడు?"

"నీకెందుకు పరీక్ష? పద్నాలుగేళ్లుగా మావాడివి," అంది మేనేజరు సిగ్రూన్.

"ఆ పద్నాలుగేళ్లలో పరీక్ష లేకుండా ఒక్క సంతకమూ పెట్టించలేదు. కాళ్లు బాగున్నప్పుడేమో సంతలో ఎద్దును చూసినట్టు పళ్లు కూడా లెక్కపెట్టారు. ఇప్పుడు కుంటుకుంటూ వస్తే అక్కర్లేదా?"

"విశ్వాసం చూపించినా అనుమానమేనా నీకు? బయట విలేకరులు కూర్చున్నారు. పెట్టెయ్యి."

"పరీక్ష అయ్యాక పెడతాను. పాత స్కానింగులతో పోల్చి చూడమంటాను."

సిగ్రూన్ లేచి తలుపు వేసి వచ్చింది.

"పాతవి వద్దు," అంది మెల్లగా. "చివరి మ్యాచ్‌కు ముందు తీసినదాంట్లోనే లిగమెంట్ సగం తెగి ఉంది. నీకు బెణుకని చెప్పాం. ఓడితే కింది డివిజనుకు పోయేవాళ్లం, తోర్గైర్. నువ్వు లేకుండా గెలవలేం. ఈ రెండేళ్ల ఒప్పందం దానికి బదులే అనుకో."

ఆ మ్యాచ్ డెబ్బయ్యో నిమిషంలో అతను పడిపోయాడు. క్లబ్బు గెలిచింది.

తోర్గైర్ కలానికి మూత పెట్టి ఆమె ముందుంచాడు.

పరీక్ష గురువారం ఉదయం ఎనిమిదిన్నరకు. పాత స్కానింగులన్నీ తీసుకురమ్మని క్లబ్బు డాక్టరుకు కబురు వెళ్లింది. ఆటగాళ్ల సంఘం న్యాయవాది ఎనిమిదింటికే వస్తానన్నాడు.