ఫినాయిలు పడిన గోడ

అనకాపల్లిలో జనం ఇళ్లు కట్టడం మానేసి పెంచడం మొదలుపెట్టాక, కాసులమ్మ తమ్ముడు కూడా అలాంటి ఇంట్లోకే మారాడు. ఆ ఇంటి గోడలకు చర్మం ఉండేది. ఎండాకాలం వాటికి చెమట పట్టి గదులు చల్లబడేవి.

మరదలు పైడితల్లి పురిటికి ఆస్పత్రిలో చేరినప్పుడు, సిమెంటు ఇంట్లోనే బతికిన కాసులమ్మ సాయానికి వచ్చింది. పసిబిడ్డ ఉండే గది శుభ్రంగా ఉండాలని గోడలను ఫినాయిలుతో తోమడం మొదలుపెట్టింది. పైడితల్లి బిడ్డతో వచ్చేసరికి తోమిన మొదటి గోడ ఎర్రగా కమిలి బొబ్బలెక్కింది. గదంతా సన్నగా వణుకుతోంది.

“ఏటి రాసేవొదినా?” అంది పైడితల్లి.

“ఫినాయిలు. క్రిములు సావాలని.”

“అది బండలకి రాసేది. క్రిముల్తోపాటు చర్మాన్నీ కాల్చేస్తాది. దీనికి మనం దెబ్బలకి రాసుకునే మందే రాయాలి.”

“గోడ సచ్చిపోద్దేటి?”

“ఒక గోడ పోతే ఇల్లే పోద్ది. ముందు నీళ్లు పట్రా.”

ఇద్దరూ గోడను చల్లటి నీళ్లతో కడిగారు. కాసులమ్మ గాయాల మందులో దూది ముంచి బొబ్బల చుట్టూ అద్దింది. మందు తగిలినప్పుడల్లా గోడ ముడుచుకుంటుంటే, తనకు తెలియకుండానే నోటితో ఊదసాగింది.

సాయంత్రానికి వణుకు ఆగింది. కాసులమ్మ గోడ మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం తగిలినట్టు వేడిగా ఉంది. తడిగుడ్డ పిండి దాని మీద పరిచి, పొయ్యి మీది పాలు పొంగుతున్నాయేమో చూడడానికి వెళ్లింది.