నల్లదారం కట్టిన మొగ్గలు

"చర్చి తాళం ఎవరెవరి దగ్గరుంది?" అని నార్మన్ అడిగాడు. అడిగింది అందరినీ, చూసింది మాత్రం విల్‌ఫ్రెడ్ వైపే.

చర్చి పక్క గదిలో ఆ గురువారం పన్నెండు మందీ వచ్చి కూర్చున్నారు. మూడో రిచర్డ్ రాజు నిర్దోషి అని నమ్మేవాళ్ల సంఘం అది. ఐదు వందల ఏళ్ల కిందట చిన్నపిల్లలైన తన అన్న కొడుకులిద్దరినీ లండన్ కోటలో ఉంచి, వాళ్లకు దక్కాల్సిన కిరీటం తాను పెట్టుకున్నాడని ఆయనకు చెడ్డపేరు. ఆ పిల్లలు మళ్లీ ఎవరికీ కనబడలేదు. చంపించాడని లోకం అంటుంది. సాక్ష్యం చూపించమని సంఘం అంటుంది. యార్క్‌షైర్‌లో మా వైపు ఆయన్ను ఒక్క మాటన్నవాడికి టీ కూడా పొయ్యరు.

ఆయన యుద్ధంలో చనిపోయింది ఆగస్టు ఇరవై రెండున. ఏటా ఆ రోజు చర్చిలో ఆయన పేరున్న రాతిపలక కింద సంఘం ఆయన వంశపు గుర్తైన తెల్ల గులాబీల దండ పెడుతుంది. మూడేళ్లుగా దండ తీసుకెళ్లేసరికి అక్కడ ఇంకొకటి ఉంటోంది. నల్లదారంతో కట్టిన రెండు తెల్ల గులాబీ మొగ్గలు. విచ్చుకోకముందే తుంచినవి.

దాని అర్థం ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. సంఘంలోనే ఉంటూ ఎవరో రాజును హంతకుడంటున్నారు.

"పాస్టరు దగ్గరొకటి, సంఘానిదొకటి, గంట కొట్టే విల్‌ఫ్రెడ్ దగ్గరొకటి," అంది అధ్యక్షురాలు ఎనిడ్ మెట్కాఫ్. ముప్పై ఏళ్లుగా సంఘాన్ని నడిపిస్తున్న మనిషి. రాజు తరఫున ఆమె ఉత్తరం రాయని పత్రిక లేదు, పోట్లాడని చరిత్ర మాస్టారు లేడు.

"పాస్టరు ఆగస్టంతా కూతురింట్లో ఉంటాడు. సంఘం తాళం మీ సంచి దాటదు. ఇంక మిగిలిందెవరండీ?" అన్నాడు నార్మన్. ముప్పై ఐదేళ్లు మాంసం కొట్టు నడిపినవాడు. ఏ సంగతినైనా ఎముక దాకా నరికితే గాని వదలడు. "ఇతను చేరింది మూడేళ్ల కిందట. మొగ్గలు మొదలైందీ అప్పుడే. చేరిన రోజు ఏమడిగాడో గుర్తుందా? 'అయితే ఆ పిల్లలేమైనట్టు' అన్నాడు."

అందరికీ గుర్తుంది. ఆ రోజు అందరూ నవ్వేశారు. ఎనిడ్ ఒక్కతే ముఖం ముడుచుకుంది.

విల్‌ఫ్రెడ్ రిటైరైన పోస్ట్‌మాన్. భార్య పోయాక అతను నలుగురితో కూర్చుని మాట్లాడేది ఈ గురువారాల్లోనే. ఇది కూడా పోతే వారమంతా గోడలతోనే. ఆ భయం అతని ముఖంలో తెలుస్తోంది. టోపీని ఒళ్లో పెట్టుకుని అంచు తిప్పుతున్నాడు.

"అడిగాను. నిజమే. మొగ్గలు మాత్రం నేను పెట్టలేదు," అన్నాడు.

"నీ పెరట్లో తెల్ల గులాబీ ఉందా, లేదా?"

"ఈ ఊళ్లో తెల్ల గులాబీ లేని పెరడు ఒక్కటి చూపించు నార్మన్. నీ పెరట్లోనే మూడు చెట్లున్నాయి."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. విల్‌ఫ్రెడ్‌కు కాస్త ధైర్యం వచ్చింది.

"చూసినవాళ్లు లేకుండా రాజు మీద నేరం మోపొద్దని మనమే అంటాం కదా. మరి నన్ను చూసిందెవరు?"

సభ్యురాలు డోరీన్ ఎవరూ అడక్కుండానే జున్నుముక్కల పళ్లెం అందరి ముందుకూ తిప్పింది.

"రాజు సంగతి వేరు, పోస్ట్‌మాన్ సంగతి వేరు," అన్నాడు నార్మన్. "ఇతన్ని పంపించేద్దాం. వద్దంటారా, వచ్చే ఏడాది ముందురోజు సాయంత్రం నుంచే నేను చర్చిలో కూర్చుంటాను. ఎవరొస్తారో చేయి పట్టుకునే అడుగుతాను."

"దేవుడింట్లో కాపలా ఏమిటి నార్మన్, బాగుండదు," అంది ఎనిడ్.

చేతులెత్తారు. పంపాలని ఐదుగురు, వద్దని ఐదుగురు. సరిసమానమైతే అధ్యక్షురాలి మాటే ఆఖరు.

ఎనిడ్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. తుడిచిందే మళ్లీ తుడిచింది.

"పంపించేద్దాం," అంది.

విల్‌ఫ్రెడ్ తాళంచెవి బల్ల మీద పెట్టాడు. నార్మన్ దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు.

"వస్తానండీ ఎనిడ్ గారూ," అన్నాడు విల్‌ఫ్రెడ్ గుమ్మం దగ్గర ఆగి. "గురువారాలు బాగుండేవి."

ఆ తర్వాత అతను బజార్లో కనబడినా ఎవరూ ఆగి పలకరించలేదు. ఫిబ్రవరి మంచులో పోయాడు. అంత్యక్రియలకు సంఘం నుంచి వెళ్లింది ఎనిడ్, డోరీన్, ఇద్దరే.

మళ్లీ ఆగస్టు వచ్చింది. దండ ఎవరు కట్టాలో మాట్లాడుకునే రోజున నార్మన్ ఉత్సాహంగా ఉన్నాడు.

"ఈసారి మొగ్గలు రావు, చూస్తూ ఉండండి. రాలేదంటే అతనే అని తేలిపోయినట్టు. ఇంక ఎవరూ నన్ను అనడానికి లేదు."

"వస్తే?" అంది డోరీన్.

"అతనూ లేక, అతని తాళం నా జేబులో ఉంటే ఎలా వస్తాయి డోరీన్?"

నిజమే అన్నారు అందరూ. సమావేశం అయిపోయిందని చెప్పి ఎనిడ్ లేచింది.

ఆగస్టు ఇరవై రెండున తెల్లవారుతుండగా ఎనిడ్ తన పెరట్లోకి వెళ్లి, ముందటి మూడేళ్లూ కోసినట్టే విచ్చుకోని మొగ్గలు రెండు కోసి, ఈసారి వాటితో పాటు పూర్తిగా విచ్చిన పువ్వొకటి కూడా కలిపి నల్లదారంతో కట్టింది.