చక్రం మీద జిగురు

"నాన్నే లేనప్పుడు ఆ కుట్టుమిషన్ ఎవరికమ్మా?" మావారు విసుక్కున్నారు.

"ఉండనీరా! నిన్నేమైనా తిండి పెట్టమందా అది?" అన్నారు అత్తగారు. సాయంత్రం మొదలైన వాదన, రాత్రి భోజనాలయ్యాక కూడా తెగలేదు.

రేపు పొద్దున మావారు పిలిచిన కొనేవాళ్ళు వస్తారని నేను మిషన్ తుడుస్తున్నాను. చేతిచక్రానికి ఏదో జిగురు పట్టి ఉంది. పాత నూనె అనుకుని కిరసనాయిలు రాశాను. వదల్లేదు. వేడినీళ్ళ గుడ్డ పెట్టగానే కరిగిపోయింది. అంటే నూనె కాదు, ఏదో తీపి వస్తువు. వాసన చూశాను.

దగ్గుమందు.

మామయ్యగారు రాత్రిళ్ళు దగ్గుతూనే కుట్టేవారు. మందు ఒలికిన చేత్తోనే చక్రం పట్టుకునేవారు. ఆయన పోయి ఏడాది దాటింది. మొన్న తుడిచినప్పుడు కూడా ఈ జిగురు లేదు.

చక్రం పొడిగుడ్డతో తుడిచి, లైటు ఆర్పి వంటింట్లోకి వచ్చాను. అంతలో ముందుగదిలో చక్రం తిరిగిన చప్పుడు వినిపించింది. ఇంట్లో ఉన్న ముగ్గురం వంటింట్లోనే ఉన్నాం.

వెళ్ళి లైటు వేశాం. చక్రం మీద మళ్ళీ జిగురు, ఇంకా తడిగా.

అత్తగారు దాన్ని వేలితో తాకి, కొంగుతో మెల్లగా తుడిచారు.

"పొద్దున్నే ఇచ్చేద్దాం," అన్నారు మా ఇద్దరితో. "పని కనపడకపోతేనన్నా ఆయన పడుకుంటారు."